చలికాలంలో మీ ఇంటి ఆరోగ్యం

కార్తీక దీపాలు కొండెక్కేసరికి మన ఇళ్లలో ఒక మార్పు కనబడుతుంది. అటకమీది రజాయిలు, బొంతలు కిందికి దిగుతాయి. పెట్టె అడుగున వున్న స్వెట్టర్లు కలరా వుండల వాసనతో బయటికొస్తాయి. దీపాలు పెట్టగానే ఇల్లాలు కిటికీలన్నీ గడియ వేస్తుంది. తాతగారు చెవులకు మఫ్లరు చుట్టుకుంటారు. పిల్లలు ముక్కులు చీదటం మొదలుపెడతారు.

చలికాలంలో ఏమి తినాలి, ఒంటికి ఏ నూనె రాసుకోవాలి, దగ్గుకు ఏ కషాయం మంచిది అని అడిగేవారు చాలామంది వున్నారు. ఇంటినెలా చూసుకోవాలి అని అడిగేవారు మాత్రం తక్కువ. ఈ మూడు నెలల్లోనూ మనం మూసిన తలుపుల వెనుక గడిపే కాలమే ఎక్కువ. ఆ ఇంట్లోని గాలే మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ గోడల చెమ్మే మన దగ్గుకు కారణమవుతుంది. అందుచేత ఈ వారం ఒంటిని కాస్త పక్కన పెట్టి, ఇంటికి వైద్యం చేద్దాం.

మొదట ఒక సంగతి చెబుతాను. ఇది మీకు భయం కలిగించటానికి కాదు. తెలిసి వుంటే తప్పిపోయే ప్రమాదం గనుక చెబుతున్నాను.

ఒక బాలింత గది

కొన్నేళ్ల క్రితం, మార్గశిర మాసంలో ఒకనాటి తెల్లవారుజామున నన్ను ఒక ఇంటికి రమ్మని కబురు వచ్చింది. కొత్తగా కట్టుకున్న డాబా ఇల్లు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి, పదకొండు రోజుల పసిగుడ్డు, అమ్మమ్మ ఒక గదిలో పడుకున్నారు. బాలింతకు గాలి సోకితే వాతం చేస్తుందని అమ్మమ్మ కిటికీలు బిగించింది. కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది.

అర్ధరాత్రి దాటాక అమ్మాయికి తల పగిలిపోతున్నట్లు నొప్పి, కడుపులో తిప్పటం. పత్యం పడలేదనుకుని కళ్లు మూసుకుంది. బిడ్డ రెండుసార్లుగా పాలు తాగలేదు, ఏడవనూ లేదు. హాయిగా నిద్రపోతున్నాడనుకున్నారు. నాలుగు గంటలకు అమ్మమ్మ మంచినీళ్లకు లేచింది. రెండు అడుగులు వేసి దబ్బున పడిపోయింది. ఆ చప్పుడుకు అవతలి గదిలో పడుకున్న ఆమె కొడుకు తలుపు తోసుకుని వచ్చాడు. తల్లి పడివుండటం, పిలిస్తే చెల్లెలు సరిగా పలకకపోవటం చూసి ముగ్గురినీ ఒకరి తరువాత ఒకరిని ఆరుబయటికి మోసుకువచ్చాడు. వాళ్ల ప్రాణాలు కాపాడింది ఆ పనే. నేను వెళ్లేసరికి అమ్మాయి వాంతి చేసుకుని కాస్త తేరుకుంది. ముగ్గురినీ ఆస్పత్రికి పంపి ఆక్సిజన్ పెట్టించాము. మూడోనాటికి ఇంటికి వచ్చేశారు.

తరువాత ఆ పెద్దావిడ నాతో అన్నది: “నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి డాక్టరుబాబూ. పొగ అన్నమాటే లేదు. నా ముగ్గురు పిల్లలకూ ఇలాగే కుంపటి పెట్టుకున్నాను. అప్పుడేమీ కాలేదే!”

ఆవిడ అబద్ధం చెప్పలేదు. అప్పుడు నిజంగానే ఏమీ కాలేదు. ఎందుకని?

“అమ్మా, అప్పుడు మీరు పడుకున్నది పెంకుటింట్లో” అన్నాను.

పెంకుటింటికి కప్పు నిండా సందులే. పెంకుకూ పెంకుకూ మధ్య, వాసాలకూ గోడకూ మధ్య రాత్రంతా గాలి ఆడుతూ వుంటుంది. తలుపు చెక్కల మధ్య వేలు దూరేంత ఖాళీ వుంటుంది. ఆ ఇల్లు మనకు తెలియకుండానే ఊపిరి పీల్చుకునేది. నేటి స్లాబు ఇంటికి పైన సందు లేదు. అల్యూమినియం కిటికీలు జరిపితే చీమ దూరదు. పాత అలవాటును కొత్త ఇంట్లోకి తెచ్చుకున్నాము గాని, ఆ పాత ఇంటి సందులను తెచ్చుకోలేదు. చిక్కంతా అక్కడ వుంది.

పొగలేని నిప్పే ప్రమాదం

బొగ్గు గాని, కట్టె గాని, గ్యాసు గాని తగినంత గాలి లేకుండా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. మీరు చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్న బొగ్గుపులుసు వాయువు వేరు, ఇది వేరు. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగ వస్తే మనమే లేచి తలుపు తీస్తాము. ఇది అలా హెచ్చరించదు. పొగ చావగానే కుంపటిని గదిలోకి తెచ్చుకుంటాము గాని, కణకణలాడే నిప్పుల నుంచే ఈ వాయువు ధారాళంగా వస్తుంది.

మన రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే పదార్థం హిమోగ్లోబిన్. దానిని ఈ వాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ముందే ఆక్రమించుకున్నట్లు అది కూర్చుంటే, ప్రాణవాయువుకు చోటు దొరకదు. మెదడు, గుండె మొదట దెబ్బతింటాయి. గర్భిణులు, చంటిపిల్లలు, గుండెజబ్బు వున్నవారు, ముసలివారు ముందుగా లొంగిపోతారు.

దీనిని గుర్తించటానికి ఈ నాలుగు సంగతులు జ్ఞాపకం పెట్టుకోండి.

ఒకటి: జ్వరం లేకుండా తలనొప్పి, వికారం, కళ్లు తిరగటం, ఎన్నడూ లేని మగతనిద్ర.

రెండు: ఒకే గదిలో వున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అదే బాధ. ఇంట్లో కుక్కో, పిల్లో వుంటే అదికూడా సోలిపోవటం.

మూడు: గదిలోంచి బయటికి వస్తే తగ్గటం, మళ్లీ లోపలికి వెళ్తే హెచ్చటం.

నాలుగు: ఆ గదిలో కుంపటో, గ్యాసు గీజరో, పొయ్యో, జనరేటరో వుండటం.

అనుమానం వస్తే కారణం వెతుకుతూ గదిలో కూర్చోవద్దు. తలుపులు బార్లా తెరిచి, మనుషులను బయటికి తీసుకురండి. 108కి ఫోను చెయ్యండి. “గదిలో కుంపటి వున్నది” అని డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారే మారిపోతుంది. మామూలు గాలిలో రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గటానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో సగమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2020, 2021 సంవత్సరాలలో కరోనా భయంతో చాలామంది వేలికి తగిలించుకునే ఆక్సిమీటర్లు కొన్నారు. ఈ వాయువు విషయంలో దానిని నమ్మకండి. హిమోగ్లోబిన్ పట్టుకున్నది ప్రాణవాయువో, ఈ విషవాయువో ఆ పరికరం విడదీసి చెప్పలేదు. మనిషి స్పృహ తప్పుతున్నా అది 98 అనే చూపిస్తుంది.

కాబట్టి నియమం ఒక్కటే: పడుకునే గదిలో నిప్పు వుండకూడదు. చలి కాచుకోవాలంటే వాకిట్లోనో, వసారాలోనో కాచుకోండి. పడుకోబోయే ముందు కుంపటిని ఇంటి బయటే వుంచి నీళ్లు చల్లండి. బూడిద కప్పిన నిప్పు ఆరిపోయిన నిప్పు కాదు.

స్నానాలగదిలో గీజరు

కుంపటి మానేసిన ఇళ్లలో కూడా అదే వాయువు మరో రూపంలో ప్రవేశిస్తున్నది. గ్యాసుతో నీళ్లు కాచే గీజరు చవక, నీళ్లు క్షణంలో వేడెక్కుతాయి. అయితే అది కూడా మంటే. నాలుగడుగుల స్నానాలగదిలో తలుపు, వెంటిలేటరు మూసి గీజరు వెలిగిస్తే, గదిలోని ప్రాణవాయువును మంట, మనిషి పంచుకోవాలి. అది తరిగిన కొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. స్నానానికి వెళ్లిన మనిషి ఎంతకీ రాడు. తలుపు కొడితే పలకడు.

గ్యాసు గీజరును స్నానాలగది బయట, గాలి ఆడే బాల్కనీలోనో, పెరట్లోనో బిగించి, వేణ్ణీళ్ల గొట్టాన్ని మాత్రమే లోపలికి పెట్టించుకోండి. ఇప్పటికే లోపల బిగించి వుంటే బయటికి మార్పించండి. అది జరిగేవరకు తలుపు తెరిచి వుంచి బకెట్టు నింపుకుని, గీజరు ఆర్పి, కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు స్నానానికి వెళ్లండి. వెంటిలేటరును చలికని అట్టముక్కతో మూయకండి. మంట నీలంగా వుండాలి. పసుపురంగుకు తిరిగితే వెంటనే వాడటం మానేసి మెకానిక్కును పిలవండి.

బకెట్టులో హీటరు కడ్డీ

కరెంటు కడ్డీతో ఈ వాయువు భయం లేదు గాని, షాకు భయం వుంది. నీళ్లు కాగాయో లేదో అని కరెంటు వుండగానే వేలు ముంచి చూడటం మన ఇళ్లలో మామూలు. ఆ అలవాటుకు పోయిన ప్రాణాలు తక్కువ కావు. ముందు స్విచ్చి ఆపండి, తరువాత ప్లగ్గు పీకండి, ఆ తరువాతే నీళ్లు ముట్టుకోండి. ఇనుప బకెట్టులో కడ్డీ పెట్టకండి. ప్లాస్టిక్ బకెట్టులో కూడా కడ్డీ అంచుకు తగలకుండా, చుట్ట మొత్తం నీటిలో మునిగేలా పెట్టాలి. తడికాళ్లతో, ఉత్తకాళ్లతో నిలబడి స్విచ్చి వేయకండి. ఇంటి కరెంటు బోర్డులో, కరెంటు లీకయితే తనంతట తాను ఆగిపోయే పరికరం పెట్టించుకోవటం మంచిది. దానికి పెట్టే ఖర్చు ఒకనాటి ఆస్పత్రి ఖర్చుకు చాలదు.

కాగిన నీళ్ల బకెట్టును పిల్లలు తిరిగే దారిలో వదలకండి. స్నానానికి ముందుగా చన్నీళ్లు పోసి, తరువాత వేణ్ణీళ్లు కలపండి. పిల్లవాడు పరుగెత్తుకొచ్చి చెయ్యి పెట్టినా ప్రమాదం వుండదు. ఒకవేళ కాలితే కుళాయి కింద 20 నిమిషాలపాటు చల్లని నీటి ధార పెట్టండి. పళ్లపొడి పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏవీ రాయకండి.

గోడకు చెమ్మ, పిల్లవాడికి పిల్లికూతలు

ఇక నిదానంగా పనిచేసే శత్రువు సంగతి చూద్దాం. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం ప్రాంతాలలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు మొదలు డిసెంబరు దాకా పడుతూనే వుంటాయి. కోస్తా అంతటా ఆ రోజుల్లోనే తుపాన్ల భయం. గోడలు తాగిన నీరు ఆరకముందే చలి ప్రవేశిస్తుంది. తెలంగాణా, రాయలసీమ పట్టణాల్లో వానలు ముందే వెనకబట్టినా, చల్లని గోడకు వంటింటి ఆవిరి, స్నానాలగది ఆవిరి, మన ఊపిరిలోని తేమ పట్టి చెమ్మ తేలుతుంది. బీరువా వెనుక, మంచం తలాపున, ఎండ తగలని ఉత్తరపు గోడ మూలల్లో నల్లటి మచ్చలు కనబడతాయి. అదే బూజు.

ఆ బూజునుంచి కంటికి కనబడని రేణువులు గాలిలోకి ఎగిరి, ఉబ్బసం గుణం వున్నవాళ్ల గాలిగొట్టాలను రేపుతాయి. పిల్లవాడికి తెల్లవారుజామున దగ్గు, గొంతులో పిల్లికూతలు, అమ్మమ్మగారి వూరు వెళ్తే తగ్గి, ఇంటికి రాగానే మళ్లీ మొదలవటం - ఇలా వుంటే సిరప్పు మార్చేముందు మంచాన్ని జరిపి గోడ చూడండి.

ఇంటి పైకప్పు చెమ్మకు తగిన వైద్యం రంగు వేయటం కాదు. ముందు నీరు ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టాలి. డాబా మీద పగులా, గోడలోని గొట్టం కారుతున్నదా, వాననీటి తూము పూడిపోయిందా, పక్క గోడవైపు నేల ఎత్తయిందా చూడండి. డాబా పగుళ్లు పూడ్చటానికి వానలు పూర్తిగా వెనకబట్టిన జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. తడిగోడ మీద వేసిన ఖరీదైన రంగు ఆరు నెలల్లో పొక్కులు లేచి రాలిపోతుంది.

బూజును పొడిచీపురుతో దులపకండి. రేణువులు ఇల్లంతా పరుచుకుంటాయి. ముక్కుకు గుడ్డ గాని, మాస్కు గాని కట్టుకుని, కిటికీ తెరిచి, సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ సమయంలో ఉబ్బసం పిల్లవాడిని అవతలికి పంపండి. కొందరు బ్లీచింగు పౌడరు నీళ్లు వాడతారు. వాడితే దానిలో దొడ్డి శుభ్రంచేసే యాసిడ్ మాత్రం ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు లేచి, ఊపిరితిత్తులను కాలుస్తుంది. బీరువాలను గోడకు ఆనించకుండా జానెడు ఎడం పెట్టండి. తడిబట్టలు పడకగదిలో ఆరవేయకండి.

రజాయిలు, పరుపులు, కలరా వుండలు

తొమ్మిది నెలలు అటకమీద వున్న రజాయిని దించి ఆ రాత్రే కప్పుకోకండి. దానిలో ధూళితోబాటు కంటికి కనబడని సన్నని పురుగులు వుంటాయి. అవి మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. కరవవు, కుట్టవు. కాని వాటి విసర్జనాలు ముక్కులో పడితే తుమ్ములు, ఉబ్బసం లేస్తాయి. వాటికి తేమ కావాలి, ఎండ పడదు. రజాయిలు, పరుపులు, దిళ్లు రెండు మూడు రోజులు డాబామీద ఎండలో వేసి, మధ్యలో తిరగేసి, బయటే దులిపి లోపలికి తెచ్చుకోండి. గలీబులు, దుప్పట్లు వారానికొకసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీటిలో నానబెట్టి ఉతకండి. రజాయికి నూలుగుడ్డ తొడుగు కుట్టించుకుంటే తొడుగు మాత్రం ఉతికితే సరిపోతుంది.

ఇక కలరా వుండలు. వాటిలో నాఫ్తలీన్ అనే పదార్థం వుంటుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తకణాలలో జి.6.పి.డి. అనే పదార్థం తక్కువగా వుంటుంది. పైకి ఏమీ తెలియదు. అటువంటి పసిబిడ్డను కలరా వుండల మధ్య దాచిన దుప్పటిలో చుట్టిపెడితే, ఆ ఆవిరికే ఎర్రకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరి, ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల చంటిపిల్లల బట్టల పెట్టెలో వాటిని అసలు వేయకండి. వేపాకు ఎండబెట్టి వేసుకోండి. పెద్దవాళ్ల ఉన్నిబట్టలను కూడా వాసన పోయేదాకా ఎండలో ఆరవేసి తొడుక్కోండి. నేలమీద దొర్లిన వుండను పెప్పరుమెంటు అనుకుని పిల్లలు నోట్లో వేసుకుంటారు, జాగ్రత్త.

కిటికీలకు ఒక టైముటేబులు

“అయితే కిటికీలు రాత్రంతా తీసివుంచి వణకమంటారా?” అని మీరు అడగవచ్చు. అక్కరలేదు. వేళ తెలుసుకుని తీస్తే చాలు.

చలికాలపు తెల్లవారుజామున నేలను అంటుకుని చల్లగాలి, పైన దానికంటే వెచ్చనిగాలి వుంటాయి. మూతపెట్టినట్లు వుండే ఆ పొర కింద వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోలేక మనుషుల ముక్కుల ఎత్తునే తిరుగుతాయి. రోడ్డు పక్కన వున్న ఇళ్లవారు ఆ వేళ రోడ్డువైపు కిటికీలు తీయకపోవటమే మంచిది. ఎండ పడి పొర విడిపోయాక, పది గంటల నుంచి నాలుగు గంటల దాకా అన్నీ తీయండి. ఎదురెదురు కిటికీలు తెరిస్తే గాలి సాఫీగా సాగిపోతుంది. వంట చేసినంతసేపూ, స్నానాలయిన తరువాత అరగంటా ఆయా కిటికీలు తెరిచే వుండాలి. రాత్రి పడకగదిలో ఒక కిటికీని నాలుగు వేళ్లమేర తెరిచి, దోమతెర జాలీ వేయండి. గాలి నేరుగా మంచం మీదికి రాకుండా మంచాన్ని జరుపుకుంటే సరి.

మరొక మాట. డిసెంబరు 21, 22 తేదీలలో మన హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణదిక్కున, ఆకాశంలో సుమారు సగం ఎత్తులోనే వుంటాడు. వేసవిలో చూరుకిందికి రాని ఎండ చలికాలంలో దక్షిణపు కిటికీలోంచి గది మధ్యదాకా వచ్చి పడుతుందన్నమాట. పైసా ఖర్చులేని హీటరు ఇదే. దక్షిణపు కిటికీకి అడ్డంగా వున్న బీరువా తీసేయండి. పగలు తెర తొలగించి ఎండను రానివ్వండి, సాయంకాలం తెర వేసి ఆ వెచ్చదనాన్ని నిలుపుకోండి.

మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగించి నిద్రపోవటం మంచిది కాదు. చైనా, మలేషియా కాయిళ్లను పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానం. దోమతెరకు మించిన మందు లేదు. చంటిపిల్లకు తలంటు పోశాక సాంబ్రాణి పొగ వేయటం ఎంతో ఇష్టమైన అలవాటే. అయినా ఆ లేత ఊపిరితిత్తులకు ఏ పొగ అయినా పొగే. జుట్టును మెత్తని పొడిగుడ్డతో వత్తి ఆరబెట్టండి. వాసన ముచ్చట తీరాలంటే సాంబ్రాణి దేవుడి గదిలో, బిడ్డ లేనప్పుడు వేసుకోండి.

పెద్దవాళ్ల గది

ఆదిలాబాదు, అరకు, లంబసింగి వంటిచోట్ల కొన్ని ఏళ్లలో చలి 5 డిగ్రీల దిగువకు పోతుంది. మిగతా వూళ్లలో అంత లేకపోయినా ముసలివారికి మన చలే ఎక్కువ. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపుపోటు పెరుగుతుంది. చలిదేశాలలో ఇంటిలోపల కనీసం 18 డిగ్రీల వెచ్చదనం వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. మన్యం వూళ్లలోని పెద్దవాళ్లకు కూడా ఇది మంచి కొలతే.

ఇంట్లో ఎండ బాగా వచ్చే గదిని వారికివ్వండి. మంచం పక్కన చాపో, జంబుఖానానో పరచండి. కాని అంచులు మడతపడి కాలికి తట్టుకోకుండా చూడండి. నున్నటి గచ్చుమీద ఉత్త మేజోళ్లతో నడిస్తే జారుతుంది, పట్టున్న చెప్పులు ఇవ్వండి. చలికి రాత్రిళ్లు ఒకటికి రెండుసార్లు లేవవలసి వస్తుంది గనుక, స్నానాలగది దాకా చిన్న దీపం వెలుగుతూ వుండాలి. తుంటి ఎముక విరిగితే మంచాన పడతారు. 40 రూపాయల బల్బు ఆ ముప్పును చాలావరకు తప్పిస్తుంది. తెల్లవారుజామున లేచీ లేవగానే చన్నీళ్లు గుమ్మరించుకోవటం రక్తపుపోటు, గుండెజబ్బు వున్నవారికి తగదు. మొక్కు వుంటే ఎండ వచ్చాక, గోరువెచ్చని నీటితో చేసినా దేవుడు కాదనడు.

సంక్రాంతి పనులు

సంక్రాంతి ముందు ఇల్లు దులిపి సున్నాలు వేయటం మన పెద్దలు పెట్టిన మంచి ఆచారం. సున్నానికి క్షారగుణం వుంది, దానిపై బూజు త్వరగా పట్టదు. సున్నం కలిపేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. కంట్లో పడితే నలపకుండా 20 నిమిషాలకు తక్కువ కాకుండా మంచినీళ్లతో కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత తలుపుల రంగు గీకేముందు ఆగండి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగులలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలుకు వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో సీసం వుండవచ్చు. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. తడిపి గీకండి, దుమ్ము తడిగుడ్డతో ఎత్తండి, గర్భిణులను, పిల్లలను దూరంగా వుంచండి.

భోగిమంటలో కట్టెలు, పిడకలు వేయండి. ప్లాస్టిక్, టైర్లు, పాత స్పాంజి పరుపులు వేయకండి. ఉబ్బసం వున్నవారు కిటికీ లోపలినుంచి చూసి ఆనందించాలి.

మీ ప్రశ్నలు

కరెంటు రూము హీటరు గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుందంటారు. నిజమేనా?

కాదు. కరెంటు తీగ ఎర్రబడుతుంది గాని దేనినీ కాల్చదు. దానితో వేరే జాగ్రత్తలు కావాలి. రజాయి, తెర, బట్టలు మూడడుగుల దూరంలో వుండాలి. దానిమీద తడిబట్టలు ఆరవేయవద్దు. పెద్ద ప్లగ్గుకే తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వద్దు. నిద్రపట్టేముందు ఆపేయండి.

కుంపటి వద్దంటే బాలింతకు, బిడ్డకు వెచ్చదనం ఎలా?

తల్లి గుండెల మీద బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకుని, ఇద్దరిమీదా దుప్పటి కప్పుకోవటాన్ని మించిన కుంపటి లేదు. బిడ్డ ముఖం కనబడుతూ, ముక్కు తెరిచివుండాలి. తల్లికి నిద్ర వస్తున్నట్లుంటే బిడ్డను పక్కన విడిగా, గట్టి పరుపుమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. బిడ్డకు టోపీ, మేజోళ్లు, మీకంటే ఒక పొర ఎక్కువ బట్టలు చాలు. బరువైన రజాయి బిడ్డమీద వేయకండి, ముఖానికి అడ్డుపడుతుంది.

అద్దె ఇల్లు. గోడ నెమ్మెక్కింది. ఇంటివారు బాగుచేయించరు. ఏం చెయ్యాలి?

మీ చేతిలో వున్నవి చెయ్యండి. ఆ గోడకు ఆనించి మంచం వేయకండి. వంట గిన్నెలకు మూతలు పెట్టండి. మధ్యాహ్నం గాలి ఆడనివ్వండి. బూజును పదిరోజుల కొకసారి తడిగుడ్డతో తుడవండి. పిల్లవాడి డాక్టరు చీటీని ఒకసారి ఇంటివారికి చూపించండి. గోడ సంగతి వినని వారు పసివాడి సంగతి వినవచ్చు.

ఈ రాత్రి ఒక పని

ఈ పుటలో చెప్పినవన్నీ ఒక్కరోజులో చేయలేరు. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి ఇల్లంతా తిరిగి చూడండి. ఎక్కడైనా నిప్పు రగులుతున్నదా? గ్యాసు కట్టేశారా? పడకగదిలో నాలుగు వేళ్ల సందు వున్నదా? ఆ సందులోంచి వచ్చే కాస్త చలికి మరో దుప్పటి కప్పుకోండి. దుప్పటికి లొంగే చలి మనకు శత్రువు కాదు.

ఆనాటి పసిగుడ్డు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. ఆ ఇంట్లో కుంపటి ఇంకా వుంది. పెరట్లో, వంకాయలు కాల్చటానికి.